బండి, బోర్డరు, బాధ్యత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు నుంచి వచ్చాయి. అటు ఆంధ్రా, ఇటు ఒడిశా కదా, ఎక్కడ ఏ రూలు అన్నది చాలామంది సందేహం. మోటారు వాహనాల చట్టం, 1988 దేశమంతటికీ ఒకటే. లైసెన్సు ఏ రాష్ట్రంలో తీసుకున్నా అంతటా చెల్లుతుంది. రాష్ట్రాన్ని బట్టి మారేవి ముఖ్యంగా రోడ్డు టాక్సు, పర్మిట్లు, అక్కడికక్కడే కట్టించుకునే జరిమానా మొత్తం.

ప్రశ్న: మా చిన్నోడికి పదహారు నిండాయి. ట్యూషన్‌కి నా స్కూటీ వేసుకెళ్తున్నాడు. ఊళ్ళోనే కదా, నిదానంగానే నడుపుతాడు. పోలీసులు ఆపితే ఫైను కట్టేస్తే సరిపోతుందా? బ్యాటరీ బండి అయితే లైసెన్సు అక్కర్లేదంటున్నారు, నిజమేనా? (రాయగడ)

జవాబు: సరిపోదు. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపితే దోషి తండ్రి లేదా సంరక్షకుడు, బండి యజమాని. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకూ జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. అబ్బాయికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు. రేపు డ్రైవరు ఉద్యోగమో, బండి మీద తిరిగే సేల్స్ ఉద్యోగమో వస్తే అప్పుడు తెలుస్తుంది దీని బరువు. మీకు తెలియకుండా తీసుకెళ్ళాడని తప్పించుకోవాలంటే ఆ సంగతి రుజువు చేసుకోవాల్సింది మీరే. రోజూ తాళాలు చేతికిస్తూ రుజువు చేయడం ఎలాగూ కుదరదు.

జరిమానా కంటే భయపడాల్సింది ఇంకొకటుంది. లైసెన్సు లేనివాడు నడిపిన బండి ఎవరినైనా గుద్దితే, కోర్టులు సాధారణంగా ఇన్సూరెన్సు కంపెనీని ముందు బాధితులకు డబ్బు చెల్లించమని, ఆ తర్వాత దాన్ని బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని ఆదేశిస్తాయి. లక్షల్లో ఉండే ఆ మొత్తం మీ ఇంటి మీదకి, పొలం మీదకి వస్తుంది. ప్రీమియం కట్టాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

బ్యాటరీ బండి మాట సగమే నిజం. మోటారు సామర్థ్యం 250 వాట్లకు లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రోడ్డు మీద నలభై, యాభైలో పరుగెత్తే స్కూటర్లేవీ ఈ లెక్కలోకి రావు. షోరూము వాళ్ళు ‘ఏం కాదు’ అంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేని మోడలని బిల్లు మీద రాసివ్వమనండి. పదహారేళ్ళకు లైసెన్సు ఇచ్చేది 50 సీసీ లోపు ఇంజను బండికే, అలాంటివి ఇప్పుడు మార్కెట్లో కనపడడమే అరుదు.

ప్రశ్న: పాతపట్నంలో తెలిసినవాళ్ళ దగ్గర రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్ బైకు కొన్నాను. ఏపీ నంబరే. ఆర్సీ ఇంకా ఆయన పేరునే ఉంది. సంతకాలు పెట్టిన ఫారాలు నా బీరువాలో ఉన్నాయి. ఇలాగే నడిపేస్తే తప్పేంటి? (పర్లాకిమిడి)

జవాబు: మీకంటే ముందు ఇరుక్కునేది పాతపట్నం ఆయన. ఆర్సీలో పేరున్నవాడే యజమాని, బండి అమ్మేసినా పేరు మారేదాకా నష్టపరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మీ చేతిలో ప్రమాదం జరిగినా నోటీసు ఆయనకే వెళ్తుంది. మీకూ నష్టమే: పాలసీ ఆయన పేరున ఉంటే మీ బండి డ్యామేజీ క్లెయిము మీకివ్వరు. పైగా వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది.

ఇలా చేయండి. ముందు ఆర్సీలో ఫైనాన్సు కంపెనీ పేరుందేమో చూడండి. ఉంటే లోను తీరినట్టు ఫారం 35 కావాలి. పెండింగు చలానాలన్నీ కట్టించండి, అవి ఉంటే పని ముందుకు సాగదు. తర్వాత అమ్మినాయన తన ఆర్టీఏ ఆఫీసులో ఫారం 28 మూడు ప్రతులతో, ఛాసిస్ నంబరు పెన్సిలు అచ్చుతో ఎన్‌ఓసీకి (బండి వేరే చోటికి మారడానికి అభ్యంతరం లేదన్న పత్రానికి) దరఖాస్తు పెట్టాలి. ఎన్‌ఓసీ చేతికొచ్చాక ఫారం 29, 30, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్లతో మీరు పర్లాకిమిడి ఆర్టీఓలో పేరు మార్పుకు, ఫారం 27తో కొత్త నంబరుకు దరఖాస్తు చేసుకోవాలి. బండి వయసును బట్టి ఒడిశా టాక్సు కట్టాక ఓడీ 20 నంబరు వస్తుంది. చివర్లో పాలసీని మీ పేరు మీదకి మార్పించుకోవడం మరవద్దు, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఇదంతా అమ్మినాయన బతికుండగా, మాట మీద ఉండగా అయిపోవాలి. ఆయనకేమైనా అయితే ఫారం 31, వారసుల సంతకాలు కావాల్సి వస్తాయి, మీ బీరువాలోని కాగితాలు ఎందుకూ కొరగావు.

ప్రశ్న: ఇచ్ఛాపురం దాటాక హైవే మీద మా బావగారిని లారీ గుద్దింది, కాలు తీసేశారు. లారీ నంబరు పోలీసులు రాసుకున్నారు. మేముండేది బరంపురం. నష్టపరిహారం కోసం శ్రీకాకుళం జిల్లా తిరగాలా? హెల్మెట్ లేదు కాబట్టి డబ్బు రాదంటున్నారు. (బరంపురం)

జవాబు: తిరగక్కర్లేదు. బాధితుడు నివసించే చోటున్న ట్రిబ్యునల్లోనే (ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టులోనే) కేసు వేసుకోవచ్చని 166వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి బరంపురంలోనే వేయండి. చట్టంలో రాసిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలు. ఆసుపత్రి హడావుడిలో ఇదే జారిపోతుంది, రేపే వకీలును కలవండి. ఎఫ్‌ఐఆర్, డిశ్చార్జి కాగితాలు, ఒరిజినల్ బిల్లులు, అంగవైకల్యం సర్టిఫికెట్, ఆదాయం రుజువు, లారీ ఆర్సీ, పాలసీ వివరాలు పోగుచేయండి. ఎఫ్‌ఐఆర్ తెలుగులో ఉంటే తర్జుమా జతచేయించండి.

తీవ్రగాయానికి, తప్పెవరిదో రుజువు చేయకుండానే, 164వ సెక్షన్ కింద రెండున్నర లక్షలు వస్తాయి. ఇన్సూరెన్సు వాళ్ళు ఆ చెక్కు ముందు పెడితే తొందరపడి సంతకం పెట్టకండి. దాన్ని ఒప్పుకుంటే పెద్ద కేసు అక్కడితో పోతుంది. కాలు పోయిన మనిషికి జీవితాంతం వచ్చే ఆదాయ నష్టం లెక్కవేస్తే అది చాలా చిన్న మొత్తం.

హెల్మెట్ లేకపోతే తలకు దెబ్బ తగిలిన కేసుల్లో పరిహారం కొంత తగ్గించే వీలుంది. కాలు పోవడానికీ హెల్మెట్‌కీ సంబంధమేమిటని మీ వకీలు అడగాలి. బండి మీద ముగ్గురున్నారన్న ఒక్క కారణంతో బాధితుడి వాటా తప్పు ఉన్నట్టు కాదు, ఆ తప్పుకూ ప్రమాదానికీ లంకె ఉండాలని 2020లో సుప్రీంకోర్టు అన్నది కూడా ఇదే పద్ధతిలో.

గుద్దిన బండి ఏదో తెలియని కేసులకు దారి వేరు. 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50,000 ఇస్తున్నారు. దానికి మాత్రం ప్రమాదం జరిగిన ప్రాంతపు అధికారికే దరఖాస్తు పెట్టాలి, మీ ఊళ్ళో కాదు.

ప్రశ్న: పెళ్ళివాళ్ళని ట్రాక్టరు తొట్టిలో, వ్యానులో తీసుకెళ్తుంటాం. ఇన్సూరెన్సు ఉంది కదా, ఏదైనా జరిగితే వర్తిస్తుందా? (గుణుపురం)

జవాబు: వర్తించదు. సరుకు బండిలో సరుకు యజమాని, అతని మనిషి, కూలీలు తప్ప ఊరికే ఎక్కినవాళ్ళకు కంపెనీ బాధ్యత లేదు. తొట్టిలో కూర్చున్న పెళ్ళివారిదీ అదే పరిస్థితి. తొట్టి బోల్తా పడితే పాతికమంది ఖర్చు ట్రాక్టరు యజమాని నెత్తిన పడుతుంది. ఆటోలో అయితే ఆర్సీలో ఎన్ని సీట్లుంటే అంతమందికే రక్షణ. అదనంగా ఎక్కించిన ఒక్కొక్కరికి 200 రూపాయల ఫైను ఉంది, వాళ్ళకి వేరే బండి చూపించేదాకా ఆటో కదలనివ్వరు. పెళ్ళికి బస్సు మాట్లాడుకోండి.

ప్రశ్న: సాలూరు వైపు ఘాట్ దిగేటప్పుడు మా డ్రైవరు డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తాడు, ఒక్కోసారి ఇంజనే ఆపేస్తాడు. కింద దిగేసరికి కాలిన వాసన. ప్రమాదమా? (జయపురం)

జవాబు: ఆ వాసన బ్రేకు లైనింగుది. బ్రేకు మరీ వేడెక్కితే లైనింగు పట్టు తగ్గిపోతుంది. ఆయిల్ బ్రేకు బండ్లలో ఇంకో ముప్పుంది. కొత్త డాట్ 3 రకం బ్రేకు ఆయిలు దాదాపు 205 డిగ్రీలకు మరుగుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటూ పాతబడితే 140 డిగ్రీలకే మరిగిపోతుంది. ఆయిల్లో ఆవిరి బుడగలు చేరితే పెడల్ మెత్తగా నేలదాకా పోతుంది, బండి ఆగదు. అందుకే రెండేళ్ళకోసారి ఆయిలు మార్చాలి.

డీజిలు మిగలడం కూడా భ్రమే. ఇప్పటి ఇంజను బండ్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంధనం సరఫరా ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఐడ్లింగుకు డీజిలు తాగుతుంది. ఇంజను ఆపేస్తే కార్లలో బ్రేకు బూస్టరు రెండు మూడు తొక్కుళ్ళకే ఖాళీ, స్టీరింగు బండబారుతుంది. తాళం బయటికి లాగితే స్టీరింగు లాకే పడొచ్చు. లారీల్లో గాలి నింపే కంప్రెసర్ తిరిగేది ఇంజనుతోనే, అది ఆగితే ట్యాంకులో గాలి నిండదు.

ఏ గేరులో ఎక్కాల్సిన ఘాటో ఆ గేరులోనే దిగాలి. దిగడం మొదలవకముందే గేరు మార్చుకోవాలి, మధ్యలో కాదు. బ్రేకు ఎడతెగకుండా నొక్కి ఉంచకుండా, గట్టిగా కాసేపు తొక్కి వదలాలి. వాసన వస్తే పక్కన ఆపి పావుగంట చల్లారనివ్వండి. నీళ్ళు మాత్రం పోయకండి, వేడి డ్రమ్ము పగులుతుంది. బ్రేకు పోతే పెడల్‌ని గబగబా పంపు చేస్తూ ఒక్కో గేరూ కిందికి దింపి, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగుతూ, కొండవైపు రాసుకుంటూ ఆపాలి. లోయవైపు తిప్పకూడదు.

ఇరుకు చోట ఎదురుపడితే దిగే బండి పక్కకు ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. ఇది మర్యాద కాదు, డ్రైవింగు నిబంధన.

ప్రశ్న: వాట్సాప్‌లో చలానా పడిందని, ఈ యాప్ పెట్టుకుని డబ్బు కట్టమని మెసేజి వచ్చింది. (కొరాపుట్)

జవాబు: నొక్కకండి. పరివాహన్ ఈ-చలాన్ వెబ్‌సైటు అడ్రసు చివర డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. మెసేజిలోని లింకు పట్టుకోకుండా ఆ సైటును మీరే తెరిచి, బండి నంబరుతో పాటు ఛాసిస్ లేదా ఇంజను నంబరు చివరి ఐదు అంకెలు కొడితే నిజం తెలిసిపోతుంది. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (APK) ఫైలు, అంటే యాప్‌ని ఎక్కించే ఫైలు, ఫోన్లోకి ఎక్కితే బ్యాంకు ఓటీపీలు దొంగల చేతికి వెళ్ళిపోతాయి. ఇప్పటికే పెట్టేసుకుని ఉంటే ముందు నెట్ ఆపి, బ్యాంకుకి చెప్పి, 1930కి ఫోన్ చేయండి.