కారు కింద పడుకుని చూడండి

శ్రీకాకుళం నుంచి మిషిగన్‌కి చదువుకోవడానికి వచ్చిన తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, ఆరు వేల డాలర్లకి పాత లగ్జరీ కారు దొరుకుతోంది. తీసుకోనా?"

వద్దు తమ్ముడూ. వచ్చిన కొత్తలో నేనూ పేరు చూసే కొన్నాను. ఏడాది తిరక్కుండా గేర్‌బాక్స్ పోయింది. రిపేరుకి అడిగింది దాదాపు కారు ఖరీదంత. ఆ చలికాలమంతా బస్‌స్టాపుల్లో వణికాను.

కారు మీద పేరు ఒకరిది, లోపల ఏం పెట్టాలో తేల్చేది ఇంకొకరు. కంపెనీ చేతులు మారితే ఇంజన్ ఎక్కణ్ణుంచి తేవాలో, ఏ భాగంలో ఖర్చు తగ్గించాలో కొత్త యజమానిదే మాట. 2001లో వచ్చిన జాగ్వార్ ఎక్స్-టైప్, ఫోర్డ్ కంపెనీ మామూలు కారు మాండియో పునాది మీద కట్టింది. అప్పుడు జాగ్వార్ ఫోర్డ్‌ది, మన టాటాల చేతికొచ్చింది 2008లో. పునాది పంచుకోవడం తప్పేం కాదు. టయోటా వాళ్ల లగ్జరీ కారు లెక్సస్ ఈఎస్‌కి చాలాకాలం వాళ్ల మామూలు కారు క్యామ్రీయే ఆధారం, ఆ రెండూ గట్టి బళ్లే. స్వీడన్ కార్ల కంపెనీ సాబ్ సంగతి వేరు. దాన్ని జనరల్ మోటార్స్ 2010లో అమ్మేసింది, 2011 చివరికి సాబ్ దివాలా తీసింది. అలాంటి బండి కొంటే స్పేర్ పార్టుల టెన్షన్ మనది.

అందుకే "ఏ కంపెనీ" అని ఆగిపోకు. ఏ సంవత్సరం మోడల్, అప్పుడు యజమాని ఎవరు, ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్ అని అడుగు. ప్రతి కారుకీ విడిగా ఉండే పదిహేడు అక్షరాలూ అంకెల గుర్తింపు నంబర్, అంటే విన్ నంబర్, అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైట్‌లో కొడితే, రిపేరు చేయించని రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ బాగుచేయడానికి వెనక్కి పిలిచినవి) కనిపిస్తాయి. ఆ పని మామూలుగా ఆ కంపెనీ డీలరు ఉచితంగా చేసిపెడతాడు.

ఇక తుప్పు. మాది నౌపడ పక్క. ఉప్పుమడుల గట్టున సైకిల్ వదిలేస్తే చైన్ ఏమవుతుందో చిన్నప్పుడే చూశాను. ఇక్కడ మంచు కరగడానికి రోడ్లమీద చల్లేదీ ఉప్పే. మొన్న ఒక కుర్రాడి కోసం చూసిన బండి పైకి అద్దంలా మెరుస్తోంది. లిఫ్ట్ ఎక్కించాక మెకానిక్ బ్రేక్ పైపు పక్కన స్క్రూడ్రైవర్‌తో నొక్కితే ఇనుము అప్పడంలా పెచ్చులూడింది. వెంటనే వచ్చేశాం.

మెకానిక్ అమ్మేవాడి మనిషి కాకూడదు. ఆ పరీక్షకయ్యే డబ్బు దండగ అనుకోకు. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లు అడుగు, "జీవితకాలం మార్చక్కర్లేదు" అంటే నమ్మకు. బిల్లుల్లేని జర్మన్ కారు కంటే, బిల్లులున్న లక్షన్నర మైళ్ల క్యామ్రీయే నాకిష్టం.

నచ్చింది దొరికితే అడ్వాన్సు ఇవ్వకుండా నాకు ఫోన్ చెయ్యి. శనివారాలు ఖాళీగా ఉంటాను, నేనూ వస్తాను.