మ్యూజియాల ఊరికి చిన్న బ్యాగు చాలు

అరవై ఎనిమిదేళ్ల వయసులో వారం రోజులు మ్యూజియాలు చూడబోతున్నానని, పెద్ద సూట్‌కేసు లాగలేనని టెన్షన్ పడుతున్నారు కదండీ. చిన్న క్యాబిన్ బ్యాగు సరిపోతుంది. త్వరగా ఆరే బట్టలు నాలుగు జతలు పెట్టుకుని, మధ్యలో ఒకసారి ఉతుక్కోండి.

అసలు జాగ్రత్త బూట్ల దగ్గరే. మ్యూజియంలో గట్టి నేల మీద గంటల తరబడి ఆగి ఆగి నిలబడతాం. మామూలు నడక కంటే దానికే నడుము ఎక్కువ పట్టేస్తుంది. అందుకే కొత్తవి వద్దు, బాగా అలవాటైనవే వేసుకోండి.

లోపలికి భుజాన వేసుకునే చిన్న సంచి చాలు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 55×35×20 సెంటీమీటర్లు దాటిన బ్యాగును రానివ్వరు. పల్చటి శాలువా మాత్రం మానకండి, గ్యాలరీలు చల్లగా ఉంటాయి. మందులు, వాటి చీటీ ఎప్పుడూ మీ చేతి సంచిలోనే ఉండాలి. మడత స్టూలు మోయకండి, కొన్ని మ్యూజియాల్లో అడిగితే వాళ్లే ఇస్తారు.