2024లో వచ్చిన ఇండీ (పెద్ద మ్యూజిక్ కంపెనీలకు బయట చేసే) రాక్, ఫోక్ ఆల్బమ్స్‌లో మీకు బాగా నచ్చినవి ఏవి? ఎందుకు?

ర్యాంకులు ఇవ్వడం నాకు చేతకాదు. ఈ రోజు మూడోది అన్నది రేపటికి మొదటిది అయిపోతుంది. అందుకే ఒకటే లెక్క పెట్టుకున్నాను: ఏ ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా మధ్యలో ఆపకుండా ఎక్కువసార్లు విన్నాను?

నిజానికి ఈ లెక్క నాకు కొత్త. చాలా ఏళ్లుగా నేను ప్లేలిస్ట్ మనిషిని. ఆల్బమ్‌లో నచ్చిన రెండు పాటలు ఏరుకుని మిగతావి వదిలేయడమే అలవాటు. 2024లో ఆ అలవాటు చెడగొట్టింది సిండీ లీ 'డైమండ్ జూబిలీ'. సిండీ లీ అంటే కెనడాకు చెందిన ప్యాట్రిక్ ఫ్లెగెల్ పెట్టుకున్న స్టేజ్ పేరు. ఒకప్పుడు 'విమెన్' అనే బ్యాండ్‌లో పాడేవారు. ఈ ఆల్బమ్ మార్చి చివర్లో వచ్చింది, అదీ స్పాటిఫైలో కాదు. యూట్యూబ్‌లో 32 పాటలూ కలిపి రెండు గంటలకు పైగా సాగే ఒకే ఒక్క వీడియోగా పెట్టారు. ఫైళ్లు కావాలంటే పాతకాలం ఇంటర్నెట్‌ని గుర్తుచేసే జియోసిటీస్ పేజీలోకి వెళ్లి డౌన్‌లోడ్ చేసుకోవాలి, వీలైతే 30 కెనడా డాలర్లు పంపండి అని రాశారు.

నేను ఒక ఆదివారం ఆ వీడియో పెట్టేసి బీరువా సర్దుకుంటూ కూర్చున్నాను. ఫోన్ ఎక్కడో మూల చార్జింగ్‌లో ఉంది. నచ్చని పాట వస్తే దాటించాలన్నా లేచి వెళ్లాలి, వెళ్లినా ఏ పాట ఎక్కడ మొదలవుతుందో తెలిసి చావదు. సరే పోనీ అని వదిలేశాను. పక్క గదిలో ఎవరో పాత రేడియో పెట్టినట్టు, అందులో అరవైల నాటి అమ్మాయిల గ్రూపు ఒకటి పాడుతున్నట్టు, మధ్యలో ఉన్నట్టుండి గిటార్ గరగరమంటూ మీదికొచ్చినట్టు ఉంటుంది ఆ శబ్దం. బీరువా అయిపోయింది, ఆల్బమ్ అవలేదు. మడత పెట్టిన బట్టల ముందు అలాగే కూర్చుని మిగతాది విన్నాను. ఇప్పటికీ ఇందులో సగం పాటల పేర్లు నాకు రావు. రెండో సగంలో కొంచెం సాగదీశారనీ, నాలుగైదు పాటలు తీసేసినా నష్టం లేదనీ నా అభిప్రాయం. అక్టోబర్లో పాటలు అమ్మే బ్యాండ్‌క్యాంప్ అనే సైట్‌లో కూడా పెట్టారు, పాటలు విడివిడిగా దొరుకుతాయి. నేను మాత్రం ఇంకా ఆ వీడియోనే పెట్టుకుంటాను.

ఆ దెబ్బతో మిగతావి కూడా వరుసగా వినడం మొదలైంది. అలా వింటేనే అర్థమయ్యేది అమెరికా పాటగాడు ఎం.జె. లెండర్‌మన్ 'మ్యానింగ్ ఫైర్‌వర్క్స్'. సెప్టెంబర్లో వచ్చింది, తొమ్మిదే పాటలు. చాలా వాయిద్యాలు తనే వాయించుకున్నాడు. గొప్పలు చెప్పుకునే మగవాళ్ల మీద ఇంత జాలిగా, ఇంత వెటకారంగా రాసినవాళ్లు ఈ మధ్య నాకు కనబడలేదు. 'రిస్ట్‌వాచ్' పాటలో ఒకడు తనకున్న బోటు గురించి, చేతి గడియారం చేసే పనుల గురించి డప్పు కొట్టుకుంటూ ఉంటాడు. చివరికి ఆ గడియారం వాడికి చెప్పేదేమిటంటే, నువ్వు ఒంటరివి అని. మొదటిసారి నవ్వొచ్చింది, మూడోసారి రాలేదు.

ఆఖరి పాట 'బార్క్ ఎట్ ద మూన్' పది నిమిషాలు. అందులో పాట మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, మిగతాదంతా ఒకటే హోరు. నా ఇయర్‌ఫోన్స్ పాడయ్యాయనుకున్నాను. తీసి తుడిచి, ఊది, మళ్లీ పెట్టుకున్నా చెవిలో జోరీగలా అదే హోరు. ఆ పాటని విడిగా వింటే చిరాకే. తొమ్మిది పాటల పాటు ఆ మనుషుల మధ్య తిరిగొచ్చాక మాత్రం, పార్టీ అయిపోయి అందరూ వెళ్లిపోయాక గదిలో మిగిలే నిశ్శబ్దంలా అనిపించింది.

ఇదే లెండర్‌మన్ వ్యాక్సహాచీ 'టైగర్స్ బ్లడ్'లో గిటార్ వాయించాడు, వెనక గొంతు కలిపాడు. వ్యాక్సహాచీ అంటే కేటీ క్రచ్‌ఫీల్డ్ అనే గాయని పెట్టుకున్న పేరు. 'రైట్ బ్యాక్ టు ఇట్' అనే పాట మొదలయ్యేటప్పుడు వచ్చే బ్యాంజో విని మీకేమీ అనిపించకపోతే నా జవాబు ఇక్కడితో ఆపేయొచ్చు! చాలా ఏళ్ల ప్రేమలో అలవాటు, విసుగు, నమ్మకం అన్నీ కలిసిపోయి ఉంటాయి కదా, అది. కొత్త ప్రేమ మీద పాటలు కోకొల్లలు, పాతబడిన ప్రేమ మీద ఇంత హాయిగా రాసినవి తక్కువ. ఈ లిస్టులో ఎవరికైనా మొహమాటం లేకుండా ఇవ్వగలిగింది ఇదే.

'టైగర్స్ బ్లడ్' వచ్చిన రోజే, మార్చి 22న, ఏడ్రియన్ లెంకర్ 'బ్రైట్ ఫ్యూచర్' కూడా వచ్చింది. బిగ్ థీఫ్ బ్యాండ్‌లో పాడే ఆమే. అడవి మధ్య ఉన్న ఒక స్టూడియోలో, కంప్యూటర్ల గొడవ లేకుండా టేపు మీద రికార్డ్ చేశారు. మొదటి పాట 'రియల్ హౌస్'లో తాళం అనేదే ఉండదు, పియానో ఒకటి వెనక తడుముకుంటూ నడుస్తుంది. ఇంట్లో కుక్క చనిపోయినప్పుడు అమ్మ ఏడవడం మొదటిసారి చూశానని చెబుతుంది అందులో. గొంతు ఎక్కడా పెంచదు, మనకు చెబుతున్నట్టు కూడా ఉండదు. 'ఈవాల్' అనే పాటలో ఇంగ్లీషు మాటల్ని తిరగేసి ఆడుకుంటుంది, 'లవ్' అనే మాటను వెనక నుంచి చదివితే 'ఈవిల్' (చెడు)కు దగ్గరగా వినబడుతుంది. వికటకవి అన్న మాటను అటూ ఇటూ చదివి మురిసిపోయే మనకు ఆ సరదా వెంటనే పట్టుబడుతుంది. 'వ్యాంపైర్ ఎంపైర్' ఇందులోనూ ఉంది. 2023లో బ్యాండ్ విడుదల చేసిన దానికంటే ఇది గరుకు, నాకు ఇదే ఇష్టం.

ఫోక్ వైపు నేను ఎక్కువ రోజులు ఉండిపోయింది గిలియన్ వెల్చ్, డేవిడ్ రాలింగ్స్ అనే పాటగాళ్ల జంట చేసిన 'వుడ్‌ల్యాండ్'లో. ఇది అమెరికాలోని నాష్‌విల్‌లో వాళ్ల సొంత స్టూడియో పేరు. 2020 మార్చిలో టోర్నడో వచ్చి దాని పైకప్పు లేపేసింది. అర్ధరాత్రి నీళ్లు కారుతుంటే ఇద్దరూ కలిసి టేపులు, గిటార్లు మోసుకుని బయటపడేశారు. దాన్ని మళ్లీ కట్టుకుని, అందులోనే చేసిన ఆల్బమ్ ఇది. దీనికి 2025లో ఉత్తమ ఫోక్ ఆల్బమ్‌గా గ్రామీ కూడా వచ్చింది.

అందులో 'హ్యాష్‌ట్యాగ్' అని ఒక పాట ఉంది, 2016లో పోయిన గై క్లార్క్ అనే పాటగాడి జ్ఞాపకంగా రాసింది. మనలాంటి గాయకుల పేరు వార్తల్లోకి వచ్చేది చచ్చిపోయినప్పుడే అనేది దాని సారాంశం. పాట అయ్యాక నాకు కాసేపు సిగ్గేసింది. ఎందుకంటే నేను గై క్లార్క్ పాటలు మొట్టమొదట విన్నది ఆయన పోయారన్న పోస్టులు వరుసగా కనిపించిన రోజే. ఎవరీయన అని వెతికి, ఒక పాట విని, అయ్యో అని నేను కూడా ఒక పోస్టు పెట్టాను.

'ద పాస్ట్ ఈజ్ స్టిల్ అలైవ్' సంగతి కూడా చెప్పాలి. హురే ఫర్ ద రిఫ్ రాఫ్ పేరుతో పాడే అలిండా సెగారా ఆల్బమ్ ఇది. విడుదల చేసిన నాన్‌సచ్ అనే లేబుల్ వార్నర్ అనే పెద్ద కంపెనీదే కాబట్టి ఇది ఇండీ కాదని ఎవరైనా కామెంట్ పెడతారు, పెట్టనివ్వండి. రికార్డింగ్‌కి సుమారు నెల ముందు సెగారా తండ్రి చనిపోయారు. ఆల్బమ్ చివర్లో ఆయన వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి. రైళ్లెక్కి ఊళ్లు తిరిగిన రోజులు, దూరమైన స్నేహితులు, అన్నీ పాటల్లో అయిపోయాక ఆ మామూలు గొంతు వినిపిస్తుంది. దాన్ని విడిగా ప్లేలిస్టులో వేసుకునే ధైర్యం నాకు లేదు.

ఇవి కాక జెస్సికా ప్రాట్ 'హియర్ ఇన్ ద పిచ్' వినండి, 27 నిమిషాలే, వంట అయ్యేలోపు అయిపోతుంది. మౌంట్ ఈరీ 'నైట్ ప్యాలెస్' మాత్రం 26 పాటలు, 80 నిమిషాలు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మధ్యలో ఏదో ఫోన్ వచ్చి ఆపేశాను కాబట్టి, నా లెక్క ప్రకారం దాన్ని ఇంకా లిస్టులో చేర్చడానికి లేదు.