పాత తాళానికి కొత్త తాళంచెవి

ప్రశ్న: పాత కంప్యూటర్లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టం వేసి, టీవీ రికార్డింగుల కోసం మిత్‌టీవీ అనే ప్రోగ్రాం పెడుతున్నాను. సెటప్ తెరవగానే డేటాబేస్ పాస్‌వర్డ్ అడిగింది. కంప్యూటర్‌కి పెట్టుకున్న పాస్‌వర్డే ఇచ్చాను. ‘యాక్సెస్ డినైడ్ ఫర్ యూజర్ మిత్‌టీవీ ఎట్ లోకల్‌హోస్ట్, యూజింగ్ పాస్‌వర్డ్: యెస్’ అంటోంది. ఎర్రర్ నంబరు 1045. మూడుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, అదే పాట. డేటాబేస్ పాడైందంటారా?

జవాబు: పాడవలేదండీ. పాడైన డేటాబేస్ ఇంత మర్యాదగా బదులు చెప్పదు. మీ డేటాబేస్ నిక్షేపంగా నడుస్తోంది, మిమ్మల్ని గుర్తుపట్టలేదంతే.

ఆ ఒక్క వాక్యాన్ని నిదానంగా చదవండి, సగం టెన్షన్ పోతుంది. వచ్చినవాడి పేరు మిత్‌టీవీ. వచ్చిన చోటు లోకల్‌హోస్ట్, అంటే అదే కంప్యూటర్. చివర ‘యెస్’ అంటే పాస్‌వర్డ్ ఇచ్చాడు గానీ సరిపోలేదని. అక్కడ ‘నో’ అని ఉంటే కథ వేరు. ప్రోగ్రాం అసలు పాస్‌వర్డే పంపలేదన్నమాట, అప్పుడు సెట్టింగుల ఫైలు చదివిందో లేదో చూడాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ పేరుతో ఖాతాయే లేకపోయినా ఇదే మాట చెబుతుంది. ఏ పేర్లు ఉన్నాయో బయటివాళ్లకి తెలియకూడదని కావాలనే అలా పెట్టారు.

ఇక మీరు ఇచ్చిన పాస్‌వర్డ్ సంగతి. మీ మెషీన్లో ఒకదానికొకటి సంబంధం లేని ఖాతాలు మూడున్నాయి. ఒకటి మీరు కంప్యూటర్లోకి లాగిన్ అయ్యేది. రెండోది డేటాబేస్‌కి పెద్ద అయిన రూట్. మూడోది మిత్‌టీవీ కోసం డేటాబేస్ లోపల పుట్టిన చిన్న ఖాతా. అది అడిగింది ఈ మూడోదాని పాస్‌వర్డ్, మీరిచ్చింది మొదటిదానిది. ఉబుంటు ప్యాకేజీ ఆ పాస్‌వర్డ్‌ని తనే ఏవో అక్షరాలు కలిపి తయారుచేసి, ఈటీసీ ఫోల్డర్‌లోని మిత్‌టీవీ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ డాట్ ఎక్స్ఎంఎల్ అనే ఫైల్లో రాసిపెడుతుంది. ముందు దాన్ని తెరిచి చూడండి.

మూడుసార్లు తీసి పెట్టడం వల్ల లాభం లేకపోగా చిక్కు పెరిగి ఉంటుంది. ప్యాకేజీ తీసేసినా డేటాబేస్ దాచుకున్న ఫోల్డర్ మామూలుగా అలాగే ఉండిపోతుంది, పాత ఖాతా పాత పాస్‌వర్డ్‌తో అందులోనే కూర్చుంటుంది. కొత్తగా పెట్టిన ప్రోగ్రాం చేతిలో ఉన్నది కొత్త పాస్‌వర్డ్. మీ హోమ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే, మామూలుగా కంటికి కనబడని మిత్‌టీవీ ఫోల్డర్ కూడా ఉండొచ్చు. అందులో ఇంకో కాన్ఫిగ్ ఫైలుంటే అదీ చూడండి.

ఇప్పుడు ప్రోగ్రాంని పక్కన పెట్టి, టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌తో, అంటే మీ డేటాబేస్‌తో నేరుగా మాట్లాడే ప్రోగ్రాంతో, అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఇచ్చి లాగిన్ అవ్వండి. హైఫన్ పీ తర్వాత ఖాళీ వదిలి పాస్‌వర్డ్ రాయకండి, దాన్ని డేటాబేస్ పేరనుకుంటుంది. హైఫన్ పీ అని వదిలేసి ఎంటర్ కొడితే అదే అడుగుతుంది. లోపలికి వెళ్లగలిగితే తప్పు కాన్ఫిగ్ ఫైల్లో ఉన్నట్టు. వెళ్లలేకపోతే తప్పు ఖాతాలో ఉన్నట్టు. అప్పుడు ముందు సుడో (కంప్యూటర్ పెద్ద హోదాలో పని చేయించే ఆదేశం) పెట్టి రూట్‌గా వెళ్లి, ‘ఆల్టర్ యూజర్’ ఆదేశంతో మిత్‌టీవీ ఖాతాకి కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి, అక్షరం పొల్లుపోకుండా అదే కాన్ఫిగ్ ఫైల్లో రాయండి. నాలుగోసారి ఇన్‌స్టాల్ మాత్రం వద్దు.

ప్రశ్న: హాల్లో ఉన్న కంప్యూటర్లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పెట్టి, సినిమాలు చూసే ‘కోడి’ (Kodi) ప్రోగ్రాంని దానికి కలిపాను, బాగా నడుస్తోంది. అవే సెట్టింగులు, హోస్ట్ దగ్గర మాత్రం ఆ కంప్యూటర్ ఐపీ రాసి, పడకగదిలోని టీవీ బాక్స్‌లో పెడితే లైబ్రరీ (సినిమాల జాబితా) రావడం లేదు. పేరూ పాస్‌వర్డూ పదిసార్లు సరిచూశాను.

జవాబు: హాల్లో కూసిన కోడి పడకగదిలో కూయకపోవడానికి కారణం పాస్‌వర్డ్ కాకపోవచ్చు. మైఎస్‌క్యూఎల్ దృష్టిలో మనిషంటే పేరొక్కటే కాదు, పేరూ వచ్చిన చోటూ కలిపి. ‘లోకల్‌హోస్ట్ నుంచి వచ్చే కోడి’ ఒకరు, ‘192.168.1.7 నుంచి వచ్చే కోడి’ ఇంకొకరు. మీరు మొదటివాడికే ఖాతా తెరిచి ఉంటారు. ఎక్కడినుంచైనా రావచ్చు అనడానికి హోస్ట్ స్థానంలో శాతం గుర్తు పెడతారు. ఇంట్లోవాళ్లకే చాలనుకుంటే ‘192.168.1.’ తర్వాత శాతం గుర్తు పెట్టండి. మీ రౌటర్ ఇచ్చే అంకెలు వేరైతే అవి రాయాలి.

అయితే ముందు టీవీ బాక్స్‌లోని కోడి లాగ్ ఫైల్లో (ప్రోగ్రాం తన పనుల్నీ ఎర్రర్లనీ రాసుకునే చిట్టాలో) ఏ ఎర్రర్ నంబరు ఉందో చూడండి. 1045 గానీ 1130 గానీ ఉంటే గుమ్మందాకా వెళ్లి వెనక్కి వచ్చినట్టు, పైన చెప్పిందే మందు. 2003 ఉంటే గుమ్మందాకా కూడా వెళ్లలేదు. సర్వర్ కాన్ఫిగ్‌లో బైండ్ అడ్రస్ 127.0.0.1 అని, అంటే అదే కంప్యూటర్ నుంచి వచ్చేవాళ్లకే పలకమని, ఉందేమో, ఫైర్‌వాల్ 3306 పోర్టుని (మైఎస్‌క్యూఎల్ తలుపు నంబరుని) ఆపుతోందేమో చూడాలి. 1044 అయితే లోపలికి రానిచ్చారు గానీ ఆ డేటాబేస్‌ని ముట్టుకోనివ్వడం లేదు. ఇది తరచుగా కోడి వెర్షన్ మారినప్పుడు ఎదురవుతుంది. 19వ వెర్షన్ వీడియోల డేటాబేస్ పేరు మైవీడియోస్119, 20వ వెర్షన్‌ది మైవీడియోస్121. కొత్త వెర్షన్ కొత్త డేటాబేస్ కట్టుకుంటుంది. పాతదానికే అనుమతి ఇచ్చి ఉంటే ఆగిపోతుంది. అందుకే మైవీడియోస్ తర్వాత శాతం గుర్తు పెట్టి అనుమతి ఇవ్వాలి. పాటలు కూడా పంచుకుంటుంటే మైమ్యూజిక్‌కీ అంతే.

లాగ్‌లో ఈ నంబర్లేవీ లేక, లైబ్రరీ ఖాళీగా కనబడుతోందా? అది నా పాత బాధే. పగలంతా డేటాబేస్‌లతోనే ఉద్యోగం నాది. అయినా ఒకసారి గట్టి పాస్‌వర్డ్ పెడదామని మధ్యలో ‘<’ (లెస్ దాన్) గుర్తు ఇరికించాను. డేటాబేస్ వివరాలు రాసే కోడి అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ ఫైలుది ఎక్స్ఎంఎల్ భాష, అందులో ఆ గుర్తు ఇంకో ట్యాగ్ మొదలైందని అర్థం. కోడి ఆ ఫైలుని చదవలేక మొత్తం పక్కన పడేసి, ఆ బాక్స్‌లోనే ఉండే తన సొంత ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌తో హాయిగా తెరుచుకుంది. తెరమీద ఎర్రర్ లేదు, సినిమాలూ లేవు. రాత్రి రెండింటిదాకా సర్వర్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. సర్వర్ని అసలెవరూ పలకరించనే లేదని లాగ్ మొదటి పేజీలోనే ఉంది. అప్పటినుంచి ఇలాంటివాటికి అక్షరాలు, అంకెలు మాత్రమే వాడుతున్నాను, కాకపోతే పొడుగ్గా.

ప్రశ్న: ఈ గోలంతా ఎందుకండీ? రూట్ పేరూ దాని పాస్‌వర్డూ ఇచ్చేస్తే పనైపోదా? ఆ మెషీన్లో మా ఇంటి లెక్కల డేటాబేస్ కూడా ఉంది.

జవాబు: అవదు. ఇప్పటి ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ మామూలుగా రూట్ విషయంలో పాస్‌వర్డ్ చూడదు, కంప్యూటర్లో మీరు ఎవరుగా ఉన్నారో చూస్తుంది. సుడో లేకుండా వెళ్తే 1698 అని తిప్పి పంపేది అందుకే. పట్టుబట్టి దానికి పాస్‌వర్డ్ పెట్టారే అనుకోండి, కోడి దాన్ని దాచుకోదు. టీవీ బాక్స్‌లో ఆ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ ఫైలు తెరిస్తే మామూలు అక్షరాల్లో కనబడుతుంది. మీ మెషీన్లో ఇంటి లెక్కల డేటాబేస్ కూడా ఉందని రాశారు కదా.