బొమ్మలు బాగా వేస్తే ఆర్ట్ థెరపిస్టు అయిపోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి విజయనగరంలో బీఏ సైకాలజీ రెండో ఏడాది చదువుతోంది. బొమ్మలు బాగా వేస్తుంది. దగ్గర్లోని వృద్ధాశ్రమంవాళ్లు వారానికోసారి వచ్చి ఆకులు, గవ్వలతో పెద్దవాళ్ల చేత ఏదైనా చేయించమన్నారు. దీన్నే వృత్తిగా చేసుకోవచ్చా? ఎలా మొదలుపెట్టాలి? – ఓ తల్లి

జవాబు: చేసుకోవచ్చండీ. బొమ్మలు, చేతిపనుల ద్వారా మనసులోది బయటపెట్టుకునేలా సాయపడటమే ఆర్ట్ థెరపీ. కానీ ఈ పనిలో బొమ్మలేసే నేర్పు ఒక్కోసారి అడ్డమే. చేయి తిరిగినవాళ్లకు ఎదుటివారి బొమ్మను సరిదిద్దాలనిపిస్తుంది. ఇక్కడ అదొక్కటీ చేయకూడదు. ‘చాలా బాగుంది’ అని ఒకరిని మెచ్చుకున్నా చిక్కే. పై వారం మిగతావాళ్లు అలాంటిదే చేస్తారు. ‘నలుపు వేశారు, బాధగా ఉందా?’ అని అర్థాలు తీయడం ఇంకా చెడ్డది. ‘దీని గురించి చెబుతారా?’ అని అడిగి ఊరుకుంటే చాలు. చెప్పకపోయినా సరే.

ఎనిమిది మందికి మించి వద్దు, గంటన్నర చాలు. ముప్పై, నలభై వస్తువులు గుడ్డ మీద పరిస్తే ఆఖరున తీసుకునేవారికీ ఎంచుకోవడానికి మిగులుతాయి. నాగావళి గులకరాళ్లు, సరుగుడు కాయలు, తాటాకు, కొబ్బరి పీచు, వేప పుల్లలు మన దగ్గర ఊరికే దొరుకుతాయి. నచ్చినది తీసుకుని పది నిమిషాలు చేత్తో తడిమి చూడమనాలి. తర్వాత నలభై నిమిషాలు పని, ఇరవై నిమిషాలు మాటలు. మిగిలింది కూర్చోవడానికి, సర్దడానికి సరిపోతుంది.

అసలు శ్రమ ముందురోజుల్లోనే. పచ్చి ఆకులు అంటిస్తే ముడుచుకుపోతాయి, వానాకాలమైతే బూజు పడతాయి. వారం ముందే పాత పేపర్ల మధ్య పెట్టి బరువుంచాలి, మధ్యలో పేపర్లు మార్చాలి. కళింగపట్నం ఒడ్డున ఏరిన గవ్వలను మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టి, కడిగి, రెండ్రోజులు ఎండబెట్టాలి. ఉప్పు మిగిలితే చెమ్మ పట్టి రంగు పెచ్చులూడుతుంది. రాళ్లను కాగితానికి అంటించబోతే ఊడిపోతాయి. చాటలో ఇసుక పోసి పేర్చమనండి. నచ్చకపోతే చెరిపి మళ్లీ పేర్చుకోవచ్చు కాబట్టి ‘నాకు బొమ్మలు రావమ్మా’ అనేవాళ్లు కూడా చెయ్యి పెడతారు.

కొన్ని అసలు తేకూడదు. గురివింద గింజలు, గన్నేరు, ఉమ్మెత్త విషం. పలాసవైపు నుంచి పచ్చి జీడిపిక్కలూ వద్దు, పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. మతిమరుపు జబ్బున్నవాళ్లు చింతపిక్కలాంటి చిన్నవి నోట్లో వేసుకుంటారు. పగడపు ముక్కలకు, కొన్ని రకాల శంఖాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, వాటి జోలికి పోవద్దు.

గవ్వ చేతికి రాగానే ఎవరికో పోయిన మనిషి గుర్తొచ్చి ఏడుపు రావచ్చు. ఆపడానికి తొందరపడకుండా, ఇక్కడే కూర్చుంటారా, కాసేపు బయటికి వెళ్తారా అని అడగాలి. అందుకే రెండో మనిషి తప్పనిసరి. ఆశ్రమం నర్సుతో ముందే మాట్లాడి ఉంచాలి. ‘చచ్చిపోవాలనుంది’ అని ఎవరైనా అంటే గుట్టుగా ఉంచకుండా ఆమెకు చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 దగ్గరుండాలి.

ఇక చదువు. ఇప్పుడే ‘థెరపిస్టు’ అని చెప్పుకోవద్దు, ‘ఆర్ట్ గ్రూపు నడుపుతున్నాను’ అంటే చాలు. పీజీ సైకాలజీ విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది. రెగ్యులర్‌గానే చదివించండి, 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో నడపొద్దని యూజీసీ చెప్పింది. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన కోర్సు, నమోదు ఉండాలి. ఆర్ట్ థెరపిస్టు పేరుతో మన జిల్లాల్లో ఉద్యోగాలు అరుదు. కౌన్సెలర్‌కో, ప్రత్యేక అవసరాల పిల్లల టీచర్‌కో ఇది అదనపు నైపుణ్యంగా అక్కరకొస్తుంది.

ప్రతి సెషన్ రోజునే అర పేజీ రాయమనండి: ఏ వస్తువులు పెట్టింది, ఎక్కడ పని ఆగింది, తాను ఎక్కడ అనవసరంగా మాట్లాడింది. పేర్లు రాయొద్దు. ఆ పేజీలను నెలకోసారి కాలేజీలో సైకాలజీ లెక్చరర్‌కు చూపించాలి. పెద్దవాళ్లు చేసినవాటి ఫొటోలు మాత్రం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టనివ్వకండి.