ఇరాన్‌లో "డబ్బులొద్దు" అంటే ఇవ్వొద్దని కాదు

ప్రశ్న: మొదటిసారి ఇరాన్ వెళ్తున్నాం. టాక్సీవాళ్లు, కొట్లవాళ్లు డబ్బులొద్దంటారట, నిజమేనా? ధర తోమాన్లలో చెప్పి రియాళ్లు తీసుకుంటారట, అదెలా?

వద్దంటారు. మీరు మాత్రం ఇచ్చి తీరాలి. ఎంతయిందని అడిగితే "ఖాబెల్ నదారే" అంటారు, మీ ముందు ఇదెంత అన్నట్టు. నమ్మి దిగిపోతే వెనకనుంచి పిలుస్తారు, ఇద్దరికీ ఇబ్బంది. "ఖాహెష్ మీకొనమ్" (దయచేసి) అని మళ్లీ అడగండి. మామూలుగా రెండోసారికో మూడోసారికో ధర చెప్పేస్తారు. ఈ మర్యాదనే అక్కడ తారోఫ్ అంటారు. మన మొహమాటానికి దగ్గర చుట్టమే: ఆకలేస్తున్నా "ఇప్పుడే తినొచ్చామండీ" అనడం మనకు కొత్తేం కాదు కదా.

చిక్కంతా ఇంటికి పిలిచినప్పుడే. దారిలో పరిచయమైన మనిషి "మా ఇంటికి భోజనానికి రండి" అంటే అది చాలాసార్లు పలకరింపే. రెండుసార్లు వద్దనండి. అప్పటికీ వదలకుండా ఏ రోజు, ఎన్నింటికి, అడ్రసు ఎక్కడ అని చెబితే నిజంగానే పిలుస్తున్నట్టు. వెళ్లేటప్పుడు మిఠాయి దుకాణంలో ఒక పెట్టె షీరీనీ కొనండి. చెప్పులు గుమ్మం దగ్గరే. బాత్‌రూమ్‌కు వేరే చెప్పులుంటాయి, వాటితోనే హాల్లోకి వచ్చేయకండి. తిన్నాక "దస్తే షొమా దర్ద్ నకొనే" అంటే వండినవారు మురిసిపోతారు. మీ చేయి నొప్పి పెట్టకూడదు అని దాని అర్థం. అన్నం గిన్నె అడుగున కరకరలాడే తహ్‌దీగ్ మీకు వడ్డిస్తే వద్దనకండి. మన ఇళ్లలో మాడుచెక్క కోసం పిల్లలు కొట్టుకున్నట్టే, అక్కడ దానికోసం పెద్దలే పోటీ పడతారు.

ఇక డబ్బు. అధికారిక కరెన్సీ రియాల్, జనం నోట పలికేది తోమాన్. 1 తోమాన్ అంటే 10 రియాళ్లు. దానికితోడు మాటల్లో "వేలు" కూడా మింగేస్తారు: "పంజాహ్ తోమాన్" (50) అంటే అసలు 50,000 తోమాన్లు, అంటే 5,00,000 రియాళ్లు. కొత్త నోట్ల మీద చివరి నాలుగు సున్నాలు లేతగా, మిగతా అంకె ముదురుగా ఉంటాయి. 5,00,000 రియాళ్ల నోటు మీద ముదురుగా కనిపించేది 50, నోటితో చెప్పే ధర కూడా అదే. అది చూసి ఇస్తే లెక్క తప్పదు. అనుమానమొస్తే "రియాల్ యా తోమాన్?" అని అడగండి, ఎవరూ నవ్వరు. ఫార్సీ అంకెలు ఒక గంటలో నేర్చుకోవచ్చు: సున్నా చుక్కలా, 5 తలకిందులైన గుండెలా ఉంటాయి.

ఆంక్షల వల్ల మన కార్డులేవీ అక్కడ పనిచేయవు. మొత్తం ఖర్చుకు సరిపడా డాలర్లో యూరోలో నగదుగా, చిరుగులూ గీతలూ లేని నోట్లుగా పట్టుకెళ్లండి. సర్రాఫీ అనే మారకం కొట్లలో కొంచెం కొంచెంగా మార్చుకోండి. శుక్రవారం అవి మూసి ఉంటాయి, గురువారం పొద్దున్నే చూసుకోవాలి.

టాక్సీలో "దర్‌బస్త్" అన్నారంటే బండి మొత్తం మీదే, రేటు కూడా దానికి తగ్గట్టే. తెలంగాణ దర్వాజాలోని "దర్" ఇదే, తలుపు మూసేసినట్టన్నమాట. ఆ మాట అనకపోతే దారిలో ఇంకొందరిని ఎక్కించుకుంటారు, మీ వాటా ఇస్తే చాలు.

శాకాహారులు "బెదూనె గూష్త్" (మాంసం లేకుండా) అంటే సరిపోదు, కోడిని చాలామంది అందులో లెక్కేయరు. "మోర్గ్ హమ్ నే" (కోడి కూడా వద్దు) అని కలపండి. గుడ్డు తినేవారికి వంకాయ, వెల్లుల్లి, టమాటాలతో చేసే మీర్జా ఖాసెమీ బాగుంటుంది. హైదరాబాద్ ఇరానీ చాయ్ కోసం మాత్రం వెతక్కండి. అక్కడి చాయ్‌లో పాలుండవు, ఖంద్ (చక్కెర గడ్డ) పంటి కింద పెట్టుకుని తాగుతారు.

వీసా సంగతి: 2024 ఫిబ్రవరిలో భారతీయులకిచ్చిన మినహాయింపు 2025 నవంబరు 22 నుంచి ఆగిపోయింది. వీసా ముందే తీసుకోండి. టికెట్ కొనేముందు మన విదేశాంగ శాఖ తాజా సూచన చదవండి.