మేడ మీద చూసింది హమ్మింగ్ బర్డేనా?

పటమటలో మీ మేడ మీద కుండీల దగ్గర సాయంత్రం పూట బొటనవేలంత హమ్మింగ్ బర్డ్ వాలకుండా గాల్లోనే నిలబడి తేనె తాగింది, నిజమేనా అని అడిగారు. పిట్ట కాదండీ అది, హాక్ మాత్ అనే పురుగు, సీతాకోకచిలుకలకు దగ్గర చుట్టం. హమ్మింగ్ బర్డ్స్ అమెరికా ఖండాల్లోనే ఉంటాయి, విజయవాడ దాకా వచ్చే ఛాన్సే లేదు.

మన దగ్గర తేనె తాగే బుల్లి పిట్ట అంటే తేనెపిట్ట. గుంటూరులో మా ఇంటి ముందు మందారం, నూరువరహాలు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి పొద్దున్నే పిట్టలూ మసక పడే వేళకి హాక్ మాత్‌లూ రెండూ కనిపిస్తాయి. తేడా తాగే పద్ధతిలోనే తెలిసిపోతుంది. తేనెపిట్టకు కొమ్మ మీద కాలు ఆనాలి, అవసరమైతే తలకిందులుగా వేలాడుతుంది గానీ గాల్లో నిలబడటం కాసేపే. పైగా మందారం దగ్గర మహా దొంగ, పువ్వు ముందు నుంచి రాకుండా అడుగున ముక్కుతో చిల్లు పొడిచి తేనె లాగేస్తుంది, దాంతో పుప్పొడి అంటదు, పువ్వుకి దమ్మిడీ లాభం ఉండదు. ఆ చిల్లు పూలని మా అమ్మ పూజకి కోయదు.

హాక్ మాత్ అలా కాదు. నూరువరహాల గుత్తికి కాస్త దూరంలోనే ఆగి, సన్నటి పొడుగు తొండాన్ని పూల గొట్టంలోకి దింపుతుంది. రెక్కలు అసలు కనపడవు, పొగలా ఉంటాయి, ఒళ్లు మాత్రం కదలదు. వెనక ఉన్న నూగు కుచ్చు విచ్చుకుంటే అచ్చం పిట్ట తోకే, అందరూ మోసపోయేది అక్కడే. తాగడం అయ్యాక తొండం చుట్ట చుట్టుకుంటుంది, ఏ పిట్ట ముక్కూ అలా చుట్టుకోదు కదా!

హమ్మింగ్ బర్డ్‌కీ హాక్ మాత్‌కీ చుట్టరికం ఏమీ లేకపోయినా పోలిక రావడానికి కారణం పూలే. లోతైన గొట్టంలో తేనె అందాలంటే పొడుగు మూతి కావాలి, వాలే చోటు లేకపోతే గాల్లో ఆగడం రావాలి, ఆ రెండూ ఎవరికి వాళ్లు విడిగా సంపాదించుకున్నారు.

ఈసారి కనిపిస్తే ఫోన్లో స్లో మోషన్ వీడియో తీయండి, తల మీద రెండు మీసాలు ఉంటే అది హాక్ మాతే. అన్నట్టు నందివర్ధనం ఆకుల మీద తోక దగ్గర కొమ్ములాంటిది ఉన్న లావుపాటి పచ్చ పురుగు కనిపిస్తే మందు కొట్టకండి, అది కూడా ఈ కుటుంబం పిల్లే.